సన్న కాయ, వెడల్పు కాయ

ఏటా రెండు నెలలుండే చేపల వేట నిషేధం మొదలవడానికి ముందు ఆఖరిసారి బోటును ఒడ్డుకు లాగుతున్నప్పుడు, వెనక చెక్కకు బిగించిన కాయ నలిగిపోయింది. ఆ రోజు కెరటాలు కాస్త గట్టిగానే ఉన్నాయి. ఒక కెరటం బోటును ఎత్తి ఇసుక మీద కుదేసింది. జనం కేకల్లో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. బోటు మెట్ట మీదకు వచ్చాక యువరాజు వెనక్కి వెళ్లి, వంగి చూసి, "అయిపోనాది," అన్నాడు.

కాయ అనేది డొంకూరు మత్స్యకారులు పెట్టుకున్న పేరు. బోటులో చేపల టీవీ ఉంటుంది. దాని వైరు చివర, ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే, గుప్పిట్లో పట్టే నల్లటి ముక్క కాయ. కొట్టువాళ్లు దాన్ని ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. అది కిందకి శబ్దం పంపుతుంది. తిరిగి వచ్చిన శబ్దాన్ని బట్టి ఎంత లోతుందో, అడుగున రాయి ఉందో ఇసుక ఉందో, మధ్యలో చేప ఉందో టీవీ గీతలు గీసి చూపిస్తుంది. కాయ లేకపోతే ఆ టీవీ బోటుకు బరువు తప్ప మరొకందుకు పనికిరాదు.

బోటు పోలారావుది. ఆ టీవీని కూడా అతనే విశాఖపట్నం రేవులో, పాతబోటు అమ్ముకుంటున్న ఒకాయన దగ్గర ఇష్టపడి కొనుక్కొచ్చాడు. కానీ ఏడాదిగా అతను సముద్రం మీదకు వెళ్లలేదు. మొదట కాళ్లు వాచాయి. తర్వాత అన్నం సహించలేదు. ఉద్దానంలో ఆ వాపు చూస్తే ఎవరూ జబ్బు పేరు అడగరు. రక్తం పరీక్ష చేయించి కిడ్నీలన్నారు. అప్పటినుంచి అతని భార్య బొడ్డమ్మ తమ్ముడు యువరాజే బోటు నడుపుతున్నాడు. బొడ్డమ్మ ఎప్పటిలాగే తట్ట నెత్తిన పెట్టుకుని ఇచ్ఛాపురం బజారుకు వెళ్లి, ఒడియా వాళ్లకు ఒడియాలో, మనవాళ్లకు తెలుగులో చేపలు అమ్ముకుని వస్తోంది. మధ్యలో నెలకోసారి మొగుణ్ణి రైలెక్కించి విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్తోంది.

కిందటిసారి వెళ్లినప్పుడు పోలారావు మందుల వరసలో నిలబడి ఉంటే డాక్టరుగారు ఆమెను లోపలికి పిలిచి చెప్పారు. "ఇక సముద్రం మీదకు పంపకమ్మా. బరువులు లాగనివ్వకు. బాగైపోతాడని కూడా అనుకోకు. ఇలా నిలబెట్టుకోగలిగితే చాలు." ఆమె తల ఊపి బయటకు వచ్చింది. పోలారావు మందుల సంచీ పట్టుకుని, "ఏటన్నారు?" అని అడిగాడు. "ఉప్పు తగ్గించమన్నారు," అంది. అందులో అబద్ధం లేదు. మిగతాది చెప్పడానికి రైల్లో చోటు కుదరలేదు. ఇంటికొచ్చాక పని కుదరనివ్వలేదు.

కాయ నలిగిందన్న మాట విని పోలారావు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మునుపున్నాది సన్నదే కదా. అలాటిదే తే. మరోటి మనకి పనికిరాదు. నాను కాస్త లేస్తే ఎల్లేది పార మీదకే."

పార అంటే సముద్రం అడుగున రాతిగుట్ట. డొంకూరుకు ఎదురుగా, ఒడ్డున తాటిచెట్లు సన్నగా కనపడేంత దూరంలో అలాంటిది ఒకటి ఉంది. పోలారావు పదహారేళ్లప్పటినుంచీ దాని మీదే గాలాల వేట చేశాడు. ఊళ్లో మిగతావాళ్లు కవ్వళ్ల చేపల గుంపుల కోసం వలలు పట్టుకుని తిరుగుతుంటే, అతను మాత్రం బోటును పార మొన మీద నిలిపి, గాలం వదిలి, కోనెం చేపలు పట్టుకొచ్చేవాడు. పెద్ద కోనెం తగిలినప్పుడు తాడు అరచేతిలో కోసుకుపోయేది. ఆ గీతలు ఇంకా అతని చేతుల్లో ఉన్నాయి.

యువరాజు మాట వేరు. మర్నాడు బోటు పక్కన వల ఆరబెడుతూ అక్కతో అన్నాడు.

"అప్పా, ఈసారి వెడల్పుది తెద్దుం. ఏడాదంతా నాను సేసినాది వలే కదా. వలోడికి పక్కల ఏటున్నాదో తెలవాల. ఆ సన్నది కాళ్ల కింద తప్ప సూపదు. గుంపు పక్కనే పోతన్నా అది నేదనే అంటాది. దాన్ని నమ్ముకుని ఎన్నిమార్లు ఒట్టి సేతుల్తో వొచ్చినామో నీకు తెల్దా?"

"మీ బావ సన్నదన్నాడు."

"బావ ఎల్తాడేటి మరి?"

బొడ్డమ్మ వల అంచు పట్టుకుని సవరిస్తూ ఉండిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక ఆమెకు ఏ పూటా ఉండటం లేదు.

నిషేధం సగం గడిచాక అక్కాతమ్ముళ్లిద్దరూ కాశీబుగ్గ వెళ్లారు. ఆటోలో ఇచ్ఛాపురం, అక్కడి నుంచి బస్సు. ఎండాకాలం. జీడితోటల మీదుగా వచ్చే గాలి కూడా కాలుతోంది. యువరాజు కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాడు. బొడ్డమ్మకు కళ్లు మూతలు పడుతున్నా నిద్ర రాలేదు.

తారకేశ్వరరావు కొట్టు మార్కెట్టు వెనక సందులో ఉంది. అతను మొదట టీవీలు బాగుచేసేవాడు. సునామీ తర్వాత మత్స్యకారులు దారి చూపే యంత్రాలూ చేపల టీవీలూ అడగటం మొదలుపెట్టాక, అడిగినవాళ్లకు విశాఖపట్నం నుంచి తెప్పించి ఇస్తున్నాడు. నలిగిన కాయను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. లోపలికి వెళ్లి రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మీ టీవీకి ఈ రెండూ పడతాయి. కానీ రెండిట్లో ఒకటే తగిలించాలి. ఇది ఇరవై డిగ్రీలు, ఇది నలభై."

"డిగ్రీలంటే ఏటి బాబూ?" అంది బొడ్డమ్మ.

అతను స్టవ్వు పక్కనున్న కిరసనాయిలు గరాటు తెచ్చి బోర్లించాడు.

"కాయ లోంచి శబ్దం ఇలా కిందకి పోద్దమ్మా, గరాటు బోర్లించినట్టు. పైన సన్నగా, కిందకి వెళ్లేకొద్దీ వెడల్పుగా. డిగ్రీలు తక్కువైతే గరాటు సన్నం, ఎక్కువైతే వెడల్పు. ఇరవై బారల లోతనుకోండి. సన్నది అడుగున ఓ ఏడు బారల మేర చూస్తది. వెడల్పుది దానికి రెట్టింపు చూస్తది."

"సూసినావా అప్పా?" అన్నాడు యువరాజు.

"అలగయితే అందరూ వెడల్పుదే కొనుక్కోవచ్చు కదా. ఈ సన్నది ఎందుకు సేసినారు?" అని ఆమె అడిగింది.

"తిరకాసు అక్కడే ఉంది. వెడల్పుది అంత మేరలో ఉన్నదంతా ఒకే గీత మీద గీసేస్తది. చేప కనపడింది సరే, ఎడం పక్కనుందా కుడి పక్కనుందా అంటే చెప్పదు. రాయీ, దాని పక్కన పల్లమూ కలిపి ఒకటే ముద్దలా చూపిస్తది. రాయిని అంటిపెట్టుకుని తిరిగే చేప ఆ ముద్దలో కలిసిపోద్ది. పైగా శబ్దం చెదిరిపోద్ది కదా, లోతుకి వెళ్లేకొద్దీ బలం తగ్గిపోద్ది. సన్నది అలాక్కాదు. చూసేది కొంచెమే. ఆ కొంచెంలో రాయి మొన ఎక్కడుందో, దాని మీద చేప ఎంత ఎత్తులో ఉందో విడివిడిగా చూపిస్తది." గరాటు తీసి పక్కన పెట్టాడు. "ఏది మంచిదంటే నేను చెప్పలేను. మీ బోటు మీద గాలమా, వలా? అది చెప్పండి, కాయ నేను చెప్తాను."

"వల," అన్నాడు యువరాజు.

బొడ్డమ్మ ముందున్న స్టూలు మీద కూర్చుంది. పైన ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి తగలడం లేదు. వెడల్పుది తీసుకుని ఇంటికి వెళితే ఏమవుతుందో ఆమె కళ్లకు కట్టినట్టు కనపడింది. పోలారావు పెట్టె విప్పుతాడు, మీద రాసిన అంకె చూస్తాడు. అంకెలు అతనికి వచ్చు. డాక్టరుగారు చెప్పినదీ, రైల్లో తాను చెప్పలేకపోయినదీ, ఆ అంకెలోనే అతను చదువుకుంటాడు. అతనికి ఆ కబురు చెప్పేది తనవుతుంది. అది న్యాయమే కావచ్చు. తమ్ముడి మాటలోనూ తప్పు లేదు. ఇల్లు గడిచేది వల మీదే. అన్నీ తెలుసు. తెలిసినా ఈ పూట తన వల్ల కాదనిపించింది.

"సన్నది ఇవ్వండి," అంది.

"అప్పా!"

"సన్నదే ఇవ్వండి బాబూ."

యువరాజు కొట్టు దిగి రోడ్డు మీదకు వెళ్లిపోయాడు. తిరుగు బస్సులో వెనక సీట్లో కూర్చున్నాడు. ఇచ్ఛాపురంలో దిగాక ఆటో కోసం నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఒక మాట అన్నాడు.

"ఈ ఏడు నాను నారాయణరావు బోటుకెల్తాను. ఆడికి మనిసి కావాలంట. నీ మీద కోపం కాదు. నాకూ పిల్లలున్నారు."

"సర్లే," అంది ఆమె. బతిమాలడానికి కూడా ఒక శక్తి కావాలి.

కాయను చూసి పోలారావు మొహం విప్పారింది. చాలా నెలలకు తనంతట తానే బీచికి నడిచి వెళ్లాడు. మధ్యలో రెండుచోట్ల ఆగాడని ఎవరో చెప్పారు. వెనక చెక్కకు కాయ బిగించి, అది నీళ్లలో సమంగా ఉండేలా కోణం సరిచేసి, కెరటం కొట్టినా నలగకుండా పైకి మడతపడేలా ఒక కమ్మీ కట్టాడు. సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం అడిగి పెట్టించుకు తిన్నాడు. ఆ సంతోషం చూస్తుంటే బొడ్డమ్మకు తాను చేసింది మంచో చెడో తేలలేదు.

నిషేధం అయిపోయింది. మొదటి రోజు కెరటాలు ఎక్కువగా ఉన్నాయని ఎవరూ వెళ్లలేదు. రెండో రోజు తెల్లారుతుండగా పోలారావు లేచి తలకు తువ్వాలు చుట్టుకున్నాడు.

"ఇయాళ ఒగ్గెయ్, రేపు సూసుకో," అంది బొడ్డమ్మ.

"ఒగ్గెయ్యడానికేటున్నాది? కూకుని గాలం పట్టుకోవడమే కదా. సన్యాసి మావ వత్తన్నాడు. ఇంజను ఆడు సూసుకుంటాడు."

సన్యాసిరావు పోలారావుకు మేనమామ వరస, పాత జతగాడు. బోటు పనికి ఒక కుర్ర కళాసీని కూడా ఎక్కించుకున్నారు. బోటును నీళ్లలోకి నెట్టేటప్పుడు పోలారావు కూడా చెయ్యి వేశాడు గానీ, నెట్టింది మిగతావాళ్లే. బోటు మూడు కెరటాలు దాటి నిలదొక్కుకునేదాకా బొడ్డమ్మ ఒడ్డున నిలబడి చూసింది. అప్పటికే తోటి ఆడవాళ్లు ఆటోలో ఎక్కి ఆమెను కేకేస్తున్నారు. ఎండుచేపల తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు ఇచ్ఛాపురంలో ఆమె ఏం అమ్మిందో ఆమెకే గుర్తు లేదు. ఎవరో ముసలామె ఒడియాలో బేరమాడుతుంటే తెలుగులో జవాబు చెప్పింది. సరుకు పూర్తిగా అవ్వకముందే తిరిగి వచ్చేసింది.

బీచికి వెళ్లేసరికి బోటు అప్పటికే పైకి వచ్చి ఉంది. దాని నీడలో సన్యాసిరావు ఒక్కడే కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"మావా, ఆయనేడీ?"

"ఇంటికెల్లిపోనాడమ్మా. ఆ గుంటడు తోడెల్లినాడు."

"ఏటి పడినాది?"

సన్యాసిరావు చుట్ట ఆరిపోతే మళ్లీ వెలిగించుకున్నాడు.

"టీవీ నిండా సేపేనమ్మా. పార మొన మీద పేర్సినట్టు ఉన్నాయి. కాయ మంచిదే, దాని తప్పేటీ నేదు. రాయి ఇక్కడ, సేప ఇక్కడ అని గీసి సూపినాది. గాలం ఏసినాడు, తగిలినాది. లాగనేకపోనాడు. సగం లాగి ఒగ్గేసినాడు. రెండోది తగిలినాది, అదీ అంతే. నాను లాగుతానురా అంటే కళ్లెర్ర సేసినాడు. మూడోది పెద్దది. తాడు సేతికి సుట్టుకుని బోటు అంచుకి ఆనుకుండిపోనాడు. కాళ్లు వణికిపోతన్నాయి. ఇంక కత్తి తీసి తాడు తెంపేసినాడు. పోదాం పద మావా అన్నాడు. అంతే."

బొడ్డమ్మ తట్ట కిందకు దించి కాసేపు అక్కడే కూర్చుంది.

"ఎవులికీ సెప్పకు మావా."

"నానెందుకు సెప్తాను?"

ఇంటికి వెళ్లేసరికి పోలారావు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కుడిచేతికి తువ్వాలు చుట్టి ఉంది. ఆమె నీళ్లు కాచి తెచ్చి, తువ్వాలు విప్పి, చెయ్యి కడిగింది. అరచేయి కోసుకుపోయింది. కాళ్లు పొద్దుటికంటే వాచాయి, నొక్కితే వేలు దిగిన చోట గుంట అలాగే ఉండిపోతోంది. అతను చేతిని ఆమెకు వదిలేసి, కళ్లు మూసుకునే మాట్లాడాడు.

"పార మీద సేప నేదు."

ఆమె గుడ్డ పిండింది.

"అంతా ఊడ్సేసినారు. పెద్ద బోట్లు వొచ్చి మొత్తం ఊడ్సేసినాయి. టీవీలో ఉత్త రాయే కనపడతాది. మునుపు ఎలగుండేది!"

"అలగా?"

"సన్యాసి మావనడుగు కావాలంటే."

"నాను అడగడమెందుకు? నువ్వు సెప్తన్నావు కదా."

ఆ రాత్రి అతనికి వాంతులయ్యాయి. వారం రోజులు మంచం దిగలేదు. విశాఖపట్నం వెళ్లి వచ్చారు. ఆ ప్రయాణంలో డాక్టరుగారు ఆమెకు చెప్పిన మాటలే అతనికీ ఎదురుగా చెప్పారు. అతను కొత్తగా విన్నవాడిలా మొహం పెట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో, సోంపేట దాటాక, కిటికీలోంచి కొబ్బరితోటల్ని చూస్తూ అన్నాడు.

"ఆ పార అయిపోనాది. ఇంక వలే మనకి. కాయ మార్సెయ్. యువరాజునడుగు, వొత్తాడేమో."

"వొత్తాడు," అంది ఆమె. వస్తాడో రాడో ఆమెకు తెలియదు. కానీ అతను అడిగినదానికి అవునని చెప్పగలిగిన పూట అదొక్కటే.

మర్నాడే కాశీబుగ్గ వెళ్లింది, ఈసారి ఒక్కతే. తారకేశ్వరరావు కాయను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏమ్మా, సరిగ్గా పని చెయ్యలేదా?"

"సేసినాది బాబూ. బాగా సేసినాది. మాకే పనికిరానేదు."

ఆమె మొహం చూసి అతను ఇంకేమీ అడగలేదు. బారువలో ఎవరో గాలాలవాళ్లు ఇలాంటిదే అడుగుతున్నారని, వాళ్లకిచ్చేస్తానని చెప్పి, నలభై డిగ్రీలది తీసి ఇచ్చాడు. మంచినీళ్లు తాగుతారా అని అడిగాడు. ఆమె తాగి వచ్చేసింది.

ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్లింది. యువరాజు అరుగు మీద వల కుట్టుకుంటున్నాడు. ఆమె పెట్టె అతని పక్కన పెట్టింది. అతను పెట్టె మీది అంకె చూశాడు, తర్వాత అక్క మొహం చూశాడు.

"బావే మార్సమన్నాడా?"

"ఆ. పార మీద సేప నేదంట."

యువరాజు వల పక్కన పెట్టాడు. ఊరు చిన్నది, సన్యాసిరావు చెప్పకపోయినా కుర్ర కళాసీ ఎక్కడో చెప్పి ఉంటాడు.

"అప్పా, ఆ రోజు టీవీలో..."

"నేదన్నాడంటే నేదు. నువ్వూ అలగే అను."

అతను తల వంచుకున్నాడు. నారాయణరావుతో అనుకున్న పని ఈ వారం ముగించి వస్తానన్నాడు. ఆమె సరేనంది. లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. తమ్ముడు చెయ్యి అందించాడు.

వారం గడిచాక బోటు మళ్లీ నీళ్లలోకి దిగే రోజు వచ్చింది. పోలారావు చేతికర్ర పట్టుకుని బీచికి వచ్చాడు. కొత్త కాయను బిగించింది యువరాజే. పోలారావు ఇసుకలో కూర్చుని, ఇంకొంచెం కిందకి, ఇంకొంచెం, చాల్లే అంటూ చెప్పాడు. బిగింపు అయిపోయాక యువరాజు వచ్చి అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బావా, ఇది రాయినీ పల్లాన్నీ ఒకటే ముద్దలాగ సూపుతాదంట. పార దగ్గరకెల్లినామంటే వల సిరిగిపోతాది. ఆ పార ఏ మేరకున్నాదో, ఎటు నుంచి తిరగాలో ఓసారి సెప్పు."

పోలారావు సముద్రం వైపు చూశాడు. తర్వాత చేతికర్రతో ఇసుకలో ఒక గీత గీశాడు, దాని పక్కన ఇంకొకటి. ఉత్తరం వైపు మొన ఎక్కడిదాకా పోతుందో, ఏ కొండ ఏ తాటిచెట్ల మీదకు వచ్చినప్పుడు బోటును తిప్పుకోవాలో మెల్లగా చెప్పుకుంటూ వచ్చాడు. మధ్యమధ్య ఆయాసానికి ఆగుతున్నాడు. యువరాజు తొందరపెట్టలేదు. సన్యాసిరావు కూడా వచ్చి కూర్చున్నాడు.

బొడ్డమ్మ తట్ట ఎత్తుకుని కాసేపు నిలబడింది. ఆటోవాడు హారను కొడుతున్నాడు. మొగుడికి మందులు గూట్లో ఉన్నాయని ఒక కేక వేసింది. అతను చెయ్యి ఎత్తి విన్నానన్నట్టు ఊపాడు, మళ్లీ ఇసుక వైపు వంగాడు.

ఆటోలో ఆడవాళ్లు సర్దుకుని ఆమెకు చోటిచ్చారు. పక్కనున్న వరహాలమ్మ, "ఇయాళ మీ బోటు ఎల్తన్నాదేటి?" అని అడిగింది.

"ఎల్తన్నాది," అంది బొడ్డమ్మ. తట్ట ఒళ్లో పెట్టుకుని, వరహాలమ్మ భుజానికి తల ఆనించి, ఇచ్ఛాపురం వచ్చేదాకా నిద్రపోయింది.